ఇద్దరూ బాప్టిస్టులే, ఓట్లు మాత్రం చెరో వైపు. ఎందుకని?

నంద్యాల_టు_ఆల్ఫరెట్టా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గొడవ పెట్టాలని కాదు, నిజంగానే అర్థంకాక అడుగుతున్నా.

అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫరెట్టాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. నిరుడు సిటిజన్‌షిప్ వచ్చింది. ఇక్కడ మొదటిసారి ఓటు వేయబోతున్నాను కాబట్టి, ఎవరు ఎవరికి ఎందుకు వేస్తారో ఈ మధ్య కాస్త చెవి పెట్టి వింటున్నాను.

మా టీమ్‌లో ఇద్దరు పెద్దవాళ్లున్నారు. ఒకాయన నల్లజాతీయుడు. లితోనియా నుంచి వస్తాడు, వాళ్ల చర్చిలో డీకన్, అంటే చర్చి పనులు చూసే పెద్ద. మందు ముట్టడు, నోట బూతు మాట రాదు, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోనిదే లంచ్ డబ్బా మూత తీయడు. రెండో ఆయన తెల్లాయన, ఫోర్సైత్ కౌంటీ. ఆయనా బాప్టిస్టే. ఒకరి ఇంట్లో ఎవరికైనా బాగోలేదంటే ఇంకొకరు ప్రార్థన చేస్తారు. అబార్షన్ తప్పని ఇద్దరూ అంటారు. పెళ్లంటే ఆడా మగా మధ్యనే అని ఇద్దరూ అంటారు. అయినా తెల్లాయన ట్రక్కు వెనక ట్రంప్ స్టిక్కరు, డీకన్ గారి క్యామ్రీ వెనక డెమోక్రాట్ సెనేటర్ వార్నాక్ స్టిక్కరు!

ఒకే పుస్తకం చదివి, ఒకే దేవుణ్ణి నమ్మి, ఒకే నీతి చెప్పేవాళ్లు ఇలా చెరో దారిన ఎలా వెళ్తారు? డీకన్ గారికి దేవుడు ఆదివారానికే, మంగళవారం ఓటింగ్‌కు పార్టీయేనా? లేక పాస్టరు ఎవరికి చెబితే వాళ్లకు వేసేస్తారా? నేను హిందువుని, చర్చి లోపలి సంగతులు తెలియవు. తెలిసినవాళ్లు చెప్పండి. ఆయన్నే అడగొచ్చు కదా అంటారేమో, ఆఫీసులో జాతి, మతం, ఓటు మూడూ ఒకే ప్రశ్నలో అడిగే ధైర్యం నాకు లేదు.

ప్లేనో_బావ

ఇందులో పెద్ద రహస్యమేముంది బ్రో. ఫుడ్ స్టాంపులు, ఫ్రీ హెల్త్ కార్డు. మన దగ్గర పథకాలు చూసి గుద్దేస్తారు కదా, ఇక్కడా అంతే. బైబిల్‌కూ దీనికీ సంబంధం లేదు.

పేర్నమిట్ట_నర్సు

నంద్యాల గారూ, మీ డీకన్ గారి లాంటివాళ్ల మధ్య 14 ఏళ్లుగా ప్రతి ఆదివారం కూర్చుంటున్నాను, అందుకని రాసే సాహసం చేస్తున్నా. కొంచెం పెద్దదవుతుంది.

ముందు ప్లేనో బావగారికి. మా చర్చిలో పోస్టాఫీసువాళ్లు, మార్టా బస్సు డ్రైవర్లు, స్కూలు టీచర్లు, మిలటరీలో చేసి రిటైరైనవాళ్లు ఉన్నారు. ఫుడ్ స్టాంపులు తీసుకునేవాళ్లూ ఉన్నారు. వచ్చిన దాంట్లో పదో వంతు కానుక కవరులో పెట్టేది కూడా వాళ్లే. పథకం చూసి ఓటేయడం తప్పేమీ కాదు గానీ, మీరు చెప్పిన కారణంతో మా చర్చిలో పావు వంతు ఓట్లకు కూడా లెక్క కుదరదు.

మాది ఒంగోలు పక్కన. మా తాతల నాటి నుంచి బాప్టిస్టులం. డెకాటర్ వైపు ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో చేరిన కొత్తలో నాకు కారు లేదు. తెలుగు ఫెలోషిప్పులన్నీ మీ ఉత్తరం వైపే, గంట ప్రయాణం. ఒక ఆదివారం పొద్దున డ్యూటీ దిగగానే మా చార్జ్ నర్సు, ఆమె నల్లామె, "పద" అని యూనిఫాంలోనే తన చర్చికి తీసుకుపోయింది. ఆకలి, నిద్ర. ఆ రోజు నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఇచ్చే రోజు. ముందు వరసల్లో పెద్దావిడలు టోపీ నుంచి బూట్ల దాకా తెల్లబట్టల్లో కూర్చుని ఉన్నారు. మదర్స్ బోర్డు అంటారు. మా అమ్మా పిన్నీ తెల్ల చీరలు కట్టుకుని చర్చికి బయల్దేరడం గుర్తొచ్చి ఏడుపొచ్చేసింది. ఆ తర్వాత వేరే చర్చి వెతుక్కోలేదు.

మొదట్లో నాకు వింతగా అనిపించింది వాళ్ల ప్రార్థన. మా ఊళ్లో పాస్టరుగారు "అధికారులను కాపాడు ప్రభువా" అని ఒక్క ముక్కలో కానిచ్చేసేవారు. ఇక్కడ ఈయన స్కూల్ బోర్డు గురించి, ఎత్తేసిన బస్సు రూటు గురించి, బెయిల్ డబ్బు లేక జైల్లో ఉండిపోయిన పిల్లాడి గురించి విడివిడిగా ప్రార్థన చేస్తున్నాడు. డికాబ్ కౌంటీ బడ్జెట్ మొత్తం దేవుడికి చదివి వినిపిస్తాడేమో అనుకున్నా! మెల్లగా తెలిసింది, వాళ్లకు రాజకీయం చర్చిలోకి బయటి నుంచి వచ్చింది కాదు. మిగతా తలుపులన్నీ మూసి ఉన్న రోజుల్లో వాళ్ల సొంతమని చెప్పుకోవడానికి ఉన్న భవనం అదొక్కటే. స్కూలు, చీటీ సంఘం, మీటింగు హాలు, ఓటు నేర్పే బడి అన్నీ అందులోనే.

డిసెంబర్ 31 రాత్రి మనమూ వాచ్ నైట్ ఆరాధన చేస్తాం కదా. ఇక్కడా చేస్తారు. నేను పాత ఏడాదికి వీడ్కోలు అనుకుని వెళ్లాను. వీళ్లకు అది 1862 డిసెంబర్ 31 రాత్రి. తెల్లారితే లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వస్తుందని చర్చిల్లో మేలుకొని కూర్చున్న రాత్రి. అంటే పన్నెండు గంటలకు "హ్యాపీ న్యూ ఇయర్" అనడంలోనే ఒక ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. నిర్గమకాండం, అంటే మోషే బానిసలను ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో నుంచి విడిపించి కనాను వైపు నడిపించిన కథ, అదీ అంతే. మా ఊళ్లో ఐగుప్తు అంటే పాపం, కనాను అంటే పరలోకం. ఇక్కడ ఐగుప్తు అంటే ఐగుప్తే. ఫరోకు జార్జియాలో అడ్రసు ఉండేది.

ఇక మీరడిగిన నీతి సంగతి. ఇంటి విషయాల్లో వీళ్లు మనకన్నా కఠినం అని ఒప్పుకుంటారా? మా చర్చిలో పాతకాలంలో పెళ్లికాకుండా కడుపొచ్చిన పిల్ల సంఘం ముందు నిలబడి క్షమాపణ చెప్పాల్సి వచ్చేదట. ఆ పెద్దావిడల్లో ఒకామె, అప్పటికే ఎనభై దాటింది, నైరుతి జార్జియా పల్లెలో పుట్టింది. 2022లో సెనేట్ ఎన్నిక నడుస్తున్నప్పుడు ఆమెను ఇంటి దగ్గర దింపుతూ మీరడిగిన ప్రశ్నే అడిగాను. ఇక్కడివాళ్లకు తెలుసు, ఆ పోటీలో ఇద్దరూ నల్లవాళ్లే, ఇద్దరూ క్రైస్తవులే. రిపబ్లికన్ హర్షల్ వాకర్ జార్జియా ఫుట్‌బాల్ హీరో, అబార్షన్‌కు గట్టి వ్యతిరేకి. వార్నాక్ ఎబినేజర్ బాప్టిస్టు చర్చి పాస్టరు, అయినా అబార్షన్ నిర్ణయం ఆడమనిషిదే అంటాడు. "మదర్, అబార్షన్ పాపమని మీరే చెబుతారు కదా, మరి?" అన్నాను.

ఆమె సీటు బెల్టు తీయకుండానే వాళ్ల నాన్న సంగతి మొదలుపెట్టింది. ఆయన ఓటు నమోదుకు కోర్టు భవనానికి వెళ్తే, అక్కడి గుమాస్తా సబ్బు బిళ్లలో ఎన్ని బుడగలుంటాయో చెప్పమన్నాడట. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ తిరిగొచ్చాడు. "ఆ గుమాస్తా ఊళ్లో తెల్లవాళ్ల బాప్టిస్టు చర్చిలో డీకన్. తాగడు. ఆదివారం తప్పడు. ఒక్క భార్యతోనే కాపురం చేశాడు. అందుకే నేను మనిషి ఎంత భక్తిపరుడో చూడను. చేతికి కర్ర ఇస్తే ఎవరిని కొడతాడో చూస్తా" అంది. అబార్షన్ మాటకొస్తే, "పాపమే. నా మనవరాలైతే కూర్చోబెట్టి మాట్లాడతా, కాళ్లు పట్టుకుంటా. పోలీసును మాత్రం పిలవను" అని దిగిపోయింది.

నాకు అప్పుడు అర్థమైంది ఇది. మీ డీకన్ గారికి ఆదివారం, మంగళవారం వేర్వేరు కావు. పాపాన్ని దిద్దే పని ఇంటిది, సంఘానిది అని ఆయన నమ్మకం. ఆ పని ప్రభుత్వానికి అప్పజెప్పడానికి ఆయనకు భయం, ఎందుకంటే ఈ దేశంలో చట్టం ఎప్పుడు కఠినమైనా ముందు తగిలింది వాళ్ల వీపుకే. ప్రభుత్వం నుంచి ఆయన అడిగే నీతి వేరు: ఆకలి, జీతం, జైలు, ఓటు. అది బైబిల్లో లేదనుకోకండి. ఆమోసు, యెషయా తెరవండి, మత్తయి 25 తెరవండి. వాళ్ల చర్చిలో ఆ పేజీలు నలిగిపోయి ఉంటాయి.

నర్సుగా ఇంకో మాట. ఈ దేశంలో కాన్పుకు సంబంధించిన కారణాలతో చనిపోయే నల్లజాతి తల్లుల రేటు తెల్లజాతి తల్లులకంటే దాదాపు మూడు రెట్లు. నా వార్డులో "తల పగిలిపోతోంది" అని బాలింత రెండుసార్లు చెప్పినా మూడోసారికి గానీ ఎవరూ బీపీ చూడని రాత్రులు నాకు తెలుసు. పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను జార్జియా ఇప్పటికీ పూర్తిగా విస్తరించలేదు. మా చర్చి ఆడవాళ్లు "ప్రాణం పక్షం" అన్నప్పుడు ఈ లెక్క కూడా అందులో కలుస్తుంది. తెల్లాయన స్టిక్కరు మీద అది ఉండదు.

నంద్యాల_టు_ఆల్ఫరెట్టా

చాలా థాంక్స్ అక్కా (అక్క అనొచ్చు కదా). కర్ర మాట మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. కానీ రెండు అనుమానాలు మిగిలాయి. ఒకటి, ఇది మొదటి నుంచీ ఇంతేనా? లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ కదా. రెండు, గే మ్యారేజ్ విషయంలో ఒబామా బయటపడినప్పుడు చర్చిల్లో ఏం జరిగింది? అప్పుడైనా ఇరకాటంలో పడలేదా?

హనుమకొండ_మాస్టారు

బాబూ, నేను హనుమకొండలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు షార్లెట్‌లో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు. మొదటి అనుమానం నాకు వదిలేయండి.

మీ ఇద్దరు కొలీగ్‌లూ బాప్టిస్టులే అన్నారు. ఆ ఒక్క మాటలోనే చీలిక ఉంది. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్న తగువు మీద 1845లో, మీ జార్జియాలోని ఆగస్టాలోనే, దక్షిణాది తెల్ల బాప్టిస్టులు విడిపోయి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. దానికి క్షమాపణ చెప్పింది 1995లో. లెక్క వేసుకోండి, 150 ఏళ్లు. నల్ల బాప్టిస్టుల నేషనల్ కన్వెన్షన్ 1895లో అట్లాంటాలో ఏర్పడింది. బోర్డు మీద పేరు ఒకటే, పుట్టుక వేరు.

ఒకే పుస్తకం అన్నారు కదా, అదీ పూర్తిగా నిజం కాదు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం ఒక బైబిల్ అచ్చేశారు. మోషే జనాన్ని విడిపించుకుపోయే భాగం అందులో లేదు! పరలోకం ఉంచారు, ఎర్ర సముద్రం తీసేశారు. హవర్డ్ థర్మన్ అని గొప్ప నల్లజాతి వేదాంతి, 1936లో మన దేశం వచ్చి గాంధీని కలిశాడు. ఆయన అమ్మమ్మ బానిసగా పుట్టింది, చదువు రాదు. మనవడి చేత బైబిల్ చదివించుకునేది గానీ పౌలు పత్రికలు (లేఖలు) మాత్రం చదవనిచ్చేది కాదు. ఎందుకంటే బానిసత్వం రోజుల్లో తెల్ల బోధకుడు వచ్చినప్పుడల్లా "దాసులారా, యజమానులకు విధేయులై ఉండండి" అన్న పౌలు మాటే ఎత్తుకునేవాడట. చదువురాని మనిషి దేవుణ్ణి వదల్లేదు, ఆ బోధకుణ్ణి వదిలేసింది. నర్సమ్మ చెప్పిన పెద్దావిడకు ఈమె ముత్తవ్వ వరస.

పార్టీ సంగతి. లింకన్ రుణం చాలాకాలం తీర్చారు. రూజ్‌వెల్ట్ కాలంలో, 1936 నుంచి, ఎక్కువమంది డెమోక్రాట్ల వైపు వచ్చారు గానీ అందరూ కాదు. 1956లో కూడా ఐసన్‌హోవర్‌కు నల్ల ఓట్లు నూటికి 39 దాకా పడ్డాయి. ఇక్కడ మీకు పనికొచ్చే కథ ఒకటుంది. మార్టిన్ లూథర్ కింగ్ తండ్రి, ఆయన్ని డాడీ కింగ్ అనేవారు, ఎబినేజర్ పాస్టరు, రిపబ్లికన్. 1960లో నిక్సన్‌కే వేస్తానన్నాడు. కారణం పూర్తిగా మతం: కెనడీ క్యాథలిక్. క్యాథలిక్కుకు ఓటెలా వేస్తాం అని. ఆ అక్టోబర్‌లో కొడుకు అట్లాంటాలో డిపార్ట్‌మెంట్ స్టోరులో సిట్-ఇన్‌లో (కదలకుండా కూర్చునే నిరసన) అరెస్టయ్యాడు. డికాబ్ కౌంటీ జడ్జి పాత డ్రైవింగ్ లైసెన్సు కేసు తవ్వి తీసి నాలుగు నెలల కఠిన శిక్ష వేసి, రాత్రికి రాత్రి రీడ్స్‌విల్ జైలుకు పంపించాడు. కింగ్ భార్య కొరెటా అప్పుడు గర్భవతి. కెనడీ ఆమెకు ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడాడు, తమ్ముడు రాబర్ట్ జడ్జికి ఫోన్ చేశాడు. నిక్సన్ నోరు విప్పలేదు. కింగ్ బయటికొచ్చాడు. డాడీ కింగ్ ఏమన్నాడో తెలుసా? నా దగ్గర సూట్‌కేసు నిండా ఓట్లున్నాయి, తీసుకెళ్లి కెనడీ ఒళ్లో పోస్తా అన్నాడు. ఎన్నికకు ముందు ఆదివారం నీలం కాగితం మీద అచ్చేసిన కరపత్రాలు నల్ల చర్చిల గుమ్మాల్లో పంచారు. దేశం మొత్తం మీద కెనడీ నెగ్గింది లక్షా పన్నెండు వేల చిల్లర ఓట్లతో.

డాడీ కింగ్ ఆ వారంలో క్యాథలిక్కుల మీద అభిప్రాయం మార్చుకున్నాడని నేను అనుకోను. ఓటు అడగవలసిన ప్రశ్న మారింది. 1964లో గోల్డ్‌వాటర్ పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేసి రిపబ్లికన్ అభ్యర్థిగా నిలబడ్డాక ఆ తలుపు మూసుకుపోయింది, ఇంతవరకు సరిగా తెరుచుకోలేదు.

అలాగని నల్ల చర్చి అంతా కింగ్ వెనక నడిచిందనుకోవద్దు. నేషనల్ బాప్టిస్ట్ అధ్యక్షుడు జోసెఫ్ జాక్సన్‌కు ఈ వీధి పోరాటాలు గిట్టేవి కావు. 1961లో కింగ్ పక్షం విడిపోయి ఇంకో కన్వెన్షన్ పెట్టుకుంది. కింగ్ పోయాక షికాగోలో జాక్సన్ చర్చి ముందు రోడ్డుకు కింగ్ పేరు పెడితే, ఆయన ఆ పేరు తన అడ్రసులో ఉండటం ఇష్టంలేక చర్చి చిరునామా పక్క వీధికి మార్చేశాడు. మన ఊళ్లలో కూడా ఇలాంటి పంతం చూస్తుంటాం.

పేర్నమిట్ట_నర్సు

మాస్టారూ, మీ సూట్‌కేసు కథ మా పాస్టరు ప్రసంగంలో విన్నా గానీ క్యాథలిక్ సంగతి ఆయన దాటేశారు. ఇప్పుడు తెలిసింది!

నంద్యాల తమ్ముడూ, అక్క అనొచ్చు. రెండోది నేను చెబుతా. ఇరకాటంలో పడలేదా అంటే, బాగా పడ్డారు. 2004లో జార్జియాలో గే పెళ్లిని నిషేధించే రాజ్యాంగ సవరణ బ్యాలెట్ మీదికి వచ్చింది. నూటికి 76 ఓట్లతో గెలిచింది. మా చర్చివాళ్లు చాలామంది దానికి "అవును" అని వేసి, అదే బ్యాలెట్‌లో డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థి కెర్రీకి వేసి వచ్చామని ఇప్పటికీ చెబుతారు. అదే డిసెంబర్‌లో లితోనియా పెద్ద చర్చి న్యూ బర్త్ బిషప్ ఎడ్డీ లాంగ్ కింగ్ సమాధి దగ్గర మొదలుపెట్టి ఆ పెళ్లిళ్లకు వ్యతిరేకంగా వేలమందిని నడిపించాడు. అందులో కింగ్ చిన్న కూతురు బెర్నిస్ కూడా ఉంది. బుష్ పార్టీ ఆ దారిన నల్ల పాస్టర్లను పిలుచుకోవాలని గట్టిగానే చూసింది. ఒహాయోలో కొంచెం పని చేసింది కూడా.

2012 మేలో ఒబామా గే పెళ్లికి సరే అన్నాడు. ఆ ఆదివారం మా చర్చి కిక్కిరిసి ఉంది, పాస్టరు ఏమంటారో అని. నేను అప్పటికి కొత్త. ఆయన సూటిగానే చెప్పారు: "అధ్యక్షుడితో నేను ఏకీభవించను. నా పెళ్లి పుస్తకంలో ఆ పేర్లు రాయను. కానీ నా భార్యతోనే నాకు అన్ని విషయాల్లోనూ కుదరదు, ఆమెను వదిలేశానా?" చర్చి అంతా నవ్వింది. వెనక వరసలో ఒక కుటుంబం లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. రాగం తీసే అబ్బాయి, అతని సంగతి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు, ఆ రోజు పాడకుండా తల వంచుకుని కూర్చున్నాడు. అది నేను మర్చిపోలేను. నవంబర్‌లో ఒబామాకు నల్ల ఓట్లు నూటికి 93 పడ్డాయి.

పాస్టరు చెబితే వేస్తారా అన్నారు. వేదిక మీద నుంచి ఫలానా వ్యక్తికి వేయండి అని అనకూడదని 1954 నుంచి పన్ను చట్టంలో ఉంది, మా పాస్టరు ఆ గీత దాటరు. గీత మీద నడవడం మాత్రం ఆయనకు బాగా వచ్చు. "ఎవరికో నేను చెప్పను, మీకు కళ్లున్నాయి. బస్సు మాత్రం ఒంటిగంటకు" అంటారు. ఆరాధన అయ్యాక చర్చి బస్సుల్లో ఎర్లీ ఓటింగ్‌కు వెళ్లడం, సోల్స్ టు ది పోల్స్ అంటారు దాన్ని. 2021లో జార్జియాలో కొత్త చట్టం తెస్తూ మొదటి చిత్తులో ఆదివారం ఓటింగ్‌ను కత్తిరించబోయారు. గోల చేస్తే వెనక్కి తగ్గారు. కానీ పోలింగ్ దగ్గర క్యూలో ఉన్నవాళ్లకు నీళ్ల సీసా ఇవ్వడం నేరమైంది. "దప్పిగొంటిని, నాకు దాహమిచ్చితిరి" అన్న వాక్యం పక్కన ఆ చట్టం పెట్టి ఆయన చేసిన ప్రసంగం మీరు వినాల్సింది. పార్టీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నా సంగతి కూడా చెప్పాలి కదా, లేకపోతే అన్యాయం. నా మొదటి ఓటు 2020లో. అబార్షన్ విషయంలో నేను ఇప్పటికీ మా అమ్మ కూతుర్నే. బ్యాలెట్ ముందు నిలబడి చెయ్యి ఆడలేదు. 2021 జనవరిలో సెనేట్ రనాఫ్ (రెండో విడత పోలింగ్) అయ్యాక అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసి "బిడ్డల్ని చంపే పార్టీకి వేశావంట కదే" అంది. ఆమెకు వాట్సాప్‌లో అమెరికా బోధకుల వీడియోలు తెలుగు డబ్బింగ్‌తో సహా వస్తాయి. ఆ ప్రశ్నకు నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. వార్నాక్ వాళ్ల అమ్మ ఒకప్పుడు వేరేవాళ్ల చేలో పత్తి ఏరేదంట అని చెప్పా. అమ్మ కాసేపు మాట్లాడలేదు. మా అమ్మమ్మ కూడా కూలికి పత్తి ఏరింది.

ఇంకొకటి, మాస్టారు సంతోషిస్తారని. 1878లో కరువు తర్వాత ఒంగోలు దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ దొర సహచరులు. అందులో మాదిగలే ఎక్కువ, మావాళ్లూ ఆ లెక్కలోనే. క్లౌ దొరను పంపిన అమెరికా ఉత్తరాది బాప్టిస్టులే బానిసత్వం పోయాక అట్లాంటాలో నల్లవాళ్ల కాలేజీకి డబ్బు పెట్టారు. కింగ్ చదివిన మోర్‌హౌస్ కాలేజీ పేరు వాళ్ల హోం మిషన్ కార్యదర్శిదే. ఒక చెయ్యి ఇక్కడ, ఒక చెయ్యి మా ఊళ్లో. అదే దేవుణ్ణి పట్టుకుని మా ఊరివాళ్లు ఎవరికి ఓటేస్తారన్నది ఇంకో రోజు కూర్చుని తిట్టుకుందాం.

ఇర్వింగ్_విశ్వాసి

అక్క బాగా చెప్పింది గానీ ఒకవైపే చెప్పింది. నేనూ విశ్వాసినే. నాతో బైబిల్ స్టడీకి వచ్చే నల్ల బ్రదర్ మెంఫిస్‌వాడు, చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్‌లో (నల్లవాళ్ల పెంతెకోస్తు శాఖ) పెరిగాడు. 2024లో ట్రంప్‌కు వేశాడు. స్కూల్లో పిల్లలకు ఏం నేర్పుతున్నారన్నది ఒక కారణం, సరుకుల ధరలు ఇంకో కారణం. సౌత్ కరోలినా సెనేటర్ టిమ్ స్కాట్ నల్లవాడు, రిపబ్లికన్, విశ్వాసం గురించి నోరారా మాట్లాడతాడు. ఆయనకు బైబిల్ తెలియదా? 2024లో 45 ఏళ్ల లోపు నల్ల మగవాళ్లలో పదిమందిలో ముగ్గురి దాకా ట్రంప్‌కు వేశారని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సర్వే చెప్పింది. వీళ్లంతా పెద్దావిడల మాట వినడం మానేశారనేగా? ఇంకొకటి, మా బ్రదర్ తన ఓటు సంగతి వాళ్ల అమ్మకు ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఇంట్లో ఏమవుతుందో అని. దాన్ని విశ్వాసం అనాలా, కులకట్టుబాటు అనాలా?

పేర్నమిట్ట_నర్సు

తమ్ముడూ, రెండూ అనాలి. కట్టుబాటు ఉంది, నేను కాదనను. మైకేల్ డాసన్ అని నల్లజాతి రాజనీతి పండితుడు ఒకాయన దీని గురించే రాశాడు, జాతి తలరాతే తన తలరాత అనుకుని ఓటేస్తారని. మీ బ్రదర్ వాళ్లమ్మకు చెప్పలేకపోవడం అదే. మా చర్చిలో కూడా ట్రంప్‌కు వేసిన మగవాళ్లున్నారని నా అనుమానం, భోజనాల దగ్గర మాట అటు వెళ్లగానే ప్లేటు పట్టుకుని లేచిపోతారు.

కానీ "పెద్దావిడల మాట వినడం మానేశారు" అన్నారే, అసలు సంగతి ఆ పిల్లలు చర్చికే రావడం లేదు. మా దగ్గర నలభై లోపు మగవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి వాళ్ల ఓటు మారడానికి కారణం విశ్వాసమా, విశ్వాసం సడలడమా అన్నది నాకు ఇంకా తేలలేదు. మీ బ్రదర్ లాంటివాళ్లు వేరు, ఆయన నిజంగానే బైబిల్ పట్టుకుని అటు వెళ్లాడు. ఒప్పుకుంటా. ప్యూ సంస్థ 2021లో బయటపెట్టిన పెద్ద సర్వేలో ఒక మాట మాత్రం చూడండి: జాతి వివక్షను ఎదిరించడం తమ విశ్వాసానికో నైతికతకో తప్పనిసరి అని నల్లజాతి వయోజనుల్లో నాలుగింట మూడొంతుల మంది చెప్పారు. టిమ్ స్కాట్‌ను అడిగినా అవుననే అంటాడు. దానికి దారి ఏదన్న దగ్గరే తగువు.

నంద్యాల_టు_ఆల్ఫరెట్టా

అప్‌డేట్. ధైర్యం చేసి శుక్రవారం లంచ్‌లో డీకన్ గారిని అడిగేశాను. తప్పుగా అనుకోవద్దని ముందే రెండుసార్లు చెప్పుకున్నా. ఆయన కోప్పడలేదు. సూట్‌కేసు కథ నాకు తెలుసని తెలిసి ఆశ్చర్యపోయాడు, తెలుగువాళ్లు ఇవన్నీ మాట్లాడుకుంటారా అని. చాలాసేపు మాట్లాడాడు. నర్సక్క చెప్పినదానికి దగ్గరగానే ఉంది, వాళ్ల నాన్న పేరు మాత్రం రెండో ప్రయత్నంలోనే రాసుకున్నారట.

చివర్లో డబ్బా మూత పెట్టుకుంటూ ఒక మాట అడిగాడు. "నా విశ్వాసానికీ నా ఓటుకూ పొంతన ఎలా కుదిరిందని నన్ను అడిగావు, బాగుంది. ఇదే ప్రశ్న అతన్ని కూడా అడిగావా?" అని ట్రక్కు ఆయన సీటు వైపు చూపించాడు.

అడగలేదు. అసలు ఆయన్ని అడగాలన్న ఆలోచనే రాలేదు. సోమవారం అడగాలి. ఇదింకా ఎక్కువ టెన్షన్‌గా ఉంది.